శనివారం మ్యాచ్ ఓడినా పర్లేదన్న కోచ్: విమ్ యోంక్ కేసు

వారమంతా ఆఫీసులో కోడ్ రాసుకుంటాను. మంగళ, గురువారాల సాయంత్రాలు, శనివారం పొద్దున మాత్రం ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఒక చిన్న అమెచ్యూర్ ఫుట్‌బాల్ క్లబ్‌లో 11 ఏళ్ళలోపు పిల్లలకి కోచ్‌ని. నెదర్లాండ్స్‌లో ఇలాంటి క్లబ్బులు నడిచేదంతా ఊళ్ళోవాళ్ళ శ్రమదానం మీదే. ఒకళ్ళు క్యాంటీన్‌లో కాఫీ పోస్తారు, ఇంకొకళ్ళు గ్రౌండ్‌లో గోల్‌పోస్టులు మోస్తారు, నాలాంటివాళ్ళు విజిల్ పట్టుకుంటారు. మా టీమ్‌లో డచ్ పిల్లలు, మొరాకో కుటుంబాల పిల్లలు, మన తెలుగు పిల్లలు ముగ్గురు ఉన్నారు.

మొదటి మూడేళ్ళు నేను బాగా గెలిపించాను. ఎలాగంటే, అందరికంటే పొడుగ్గా ఉన్నవాణ్ణి వెనక నిలబెట్టి బంతి వస్తే గట్టిగా ముందుకి తన్నమనేవాణ్ణి, అందరికంటే వేగంగా పరిగెత్తేవాణ్ణి ముందు పెట్టి దాని వెంట ఉరకమనేవాణ్ణి. పదేళ్ళ పిల్లల మ్యాచ్‌లో ఇది చాలు, 7-1, 6-0 అలా వచ్చేస్తాయి, తల్లిదండ్రులు చప్పట్లు కొడతారు, వాట్సాప్ గ్రూప్ నిండా బొటనవేళ్ళు. మూడో ఏడు చివర్లో ఒక పిల్లాడి అమ్మ వచ్చి జెర్సీ ఉతికి మడతపెట్టి నా చేతికి ఇచ్చింది. వాడిక రాడంది. ఎందుకమ్మా అంటే, "బంతి నా దగ్గరికి రాదు కదా, ఊరికే పరిగెత్తడానికి ఎందుకు అంటున్నాడు" అంది. ఆ రోజు ఇంటికెళ్ళి పాత మ్యాచ్ వీడియో ఒకటి పెట్టుకుని లెక్కపెట్టాను. మొదటి సగంలో వాడి కాలికి బంతి తగిలింది రెండే రెండుసార్లు. ఆ మ్యాచ్ మేం గెలిచాం.

తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే విమ్ యోంక్ అనే పాత డచ్ ఫుట్‌బాల్ ఆటగాడి దగ్గర ఆగాను. ఆట ఆడిన రోజుల్లో ఆయన పేరు చాలామందికి తెలుసు. పిల్లల కోచింగ్‌లో ఆయన చేసిన పని, దాని వల్ల ఆయనకి జరిగింది, మన భాషలో ఎవరూ వివరంగా రాసినట్టు నాకు కనబడలేదు. అందుకే ఒక కోచ్‌గా దీన్ని కేస్ లాగా రాస్తున్నాను: ఎక్కడినుంచి వచ్చాడు, ఏం మార్చాడు, ఏం ఫలించింది, ఎక్కడ దెబ్బతింది, అందులోంచి మా గ్రౌండ్‌లో ఏం పనిచేసింది.

ఆటగాడిగా

ఆమ్‌స్టర్‌డామ్‌కి ఉత్తరాన ఓ 20 కిలోమీటర్లు వెళితే వొలెండామ్ వస్తుంది. చేపలు పట్టేవాళ్ళ ఊరు, పొగబెట్టిన ఈల్ చేపలకి పేరు. ఊరు చిన్నదే అయినా దానికి సొంత ప్రొఫెషనల్ క్లబ్ ఉంది, నారింజ రంగు జెర్సీ వేసుకుంటారు కాబట్టి దేశం టీమ్‌తో పోల్చి "ఇంకో ఆరెంజ్" అని ముద్దుగా పిలుచుకుంటారు. యోంక్ 1966 అక్టోబర్ 12న అక్కడే పుట్టాడు, అక్కడే మొదలుపెట్టి 1988లో ఆమ్‌స్టర్‌డామ్ పెద్ద క్లబ్ అయాక్స్‌కి వెళ్ళాడు.

మిడ్‌ఫీల్డర్. పరుగులో మెరుపు లేదు, కానీ బంతి కాలికి రాకముందే అది ఎక్కడికి పోవాలో తెలిసిన రకం. యోంక్ లాంగ్ పాస్, దాని చివర స్ట్రైకర్ డెనిస్ బెర్గ్‌కాంప్: ఈ జోడీని ఆ తరం డచ్ వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1992లో యూఎఫా కప్ (యూరప్ క్లబ్బుల పోటీ) ఫైనల్ రెండు మ్యాచ్‌లు, మొదటి లెగ్‌లో ఇటలీ క్లబ్ టొరినో మీద వాళ్ళ గ్రౌండ్‌లో దూరం నుంచి కొట్టిన గోల్ ఆయనదే. అది 2-2 అయింది, రెండోది 0-0, ఎదుటివాళ్ళ గ్రౌండ్‌లో కొట్టిన గోల్స్ లెక్కన కప్ అయాక్స్‌కి వచ్చింది. 1993లో ఆయన్నీ బెర్గ్‌కాంప్‌నీ ఇద్దర్నీ కలిపి ఇంటర్ మిలాన్ కొనుక్కుంది. ఆ సీజన్ విచిత్రమైంది, లీగ్‌లో ఇంటర్ 13వ స్థానంలో, ఒక్క పాయింట్ తేడాతో కింద డివిజన్‌కి పోకుండా బయటపడింది, అదే ఏడు యూఎఫా కప్ మాత్రం గెలిచింది. ఫైనల్‌లో సాల్జ్‌బర్గ్ మీద రెండో లెగ్‌లో ఏకైక గోల్ మళ్ళీ యోంక్‌దే. 1994 వరల్డ్ కప్‌లో సౌదీ మీద ఒకటి, ఐర్లండ్ మీద ఒకటి. ఐర్లండ్ గోలీ ప్యాకీ బానర్ చేతుల్లోంచి జారిపోయిన ఆ దూరపు షాట్ గుర్తున్నవాళ్ళకి ఇక పరిచయం అక్కర్లేదు. తర్వాత మళ్ళీ నెదర్లాండ్స్‌లో పీఎస్‌వీ క్లబ్, అక్కడ 1997లో లీగ్ టైటిల్, ఆఖర్న ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ వెన్స్‌డే, 2001 వరకు. దేశం తరఫున 49 మ్యాచ్‌లు, 11 గోల్స్.

ఇంత వివరం ఎందుకు చెప్పానంటే, కోచ్‌గా ఆయన పట్టుబట్టినవాటికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. ఒళ్ళు, వేగం చూసి పిల్లల్ని ఎంచుకునే పద్ధతిలో యోంక్ లాంటి కుర్రాడు చాలా తేలిగ్గా తప్పిపోతాడు. ఆయన బలం తలలో ఉంది, అది పదేళ్ళ వయసులో స్కోర్ బోర్డు మీద కనబడేది కాదు.

2010 సెప్టెంబర్

ఆట మానేశాక యోంక్ సొంత ఊరి క్లబ్‌లో కొన్నాళ్ళు పనిచేసి, తర్వాత అయాక్స్ పిల్లల విభాగానికి వచ్చాడు. అయాక్స్ అంటే పిల్లల్ని తయారుచేసే ఫ్యాక్టరీ అని ప్రపంచమంతా అనుకుంటున్న రోజులే అవి, కానీ లోపల పరిస్థితి వేరు. 2004 తర్వాత లీగ్ టైటిల్ లేదు, బయటినుంచి ఖరీదైన ఆటగాళ్ళని కొంటున్నారు. 2010 సెప్టెంబర్‌లో ఛాంపియన్స్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్ చేతిలో 2-0తో ఓడారు. స్కోరు చిన్నదే కానీ ఆట ఘోరం. కొద్ది రోజులకే అయాక్స్ పాత మహా ఆటగాడు యోహాన్ క్రైఫ్ తన పత్రిక కాలమ్‌లో ఇది అయాక్సే కాదని, 1965లో కోచ్‌గా రైనస్ మిఖెల్స్ రాకముందున్న టీమ్ కంటే అధ్వాన్నంగా ఉందని రాసేశాడు. దాంతో క్లబ్బంతా కదిలిపోయింది. 2011 మార్చిలో బోర్డు రాజీనామా చేసింది.

క్లబ్‌ని అకాడమీ నుంచే మళ్ళీ కట్టాలని క్రైఫ్ పేరు మీద వచ్చిన ప్లాన్‌ని కాగితం మీద పెట్టి, గ్రౌండ్‌లో దించినవాళ్ళలో ముందున్నది యోంక్, ఆయనతో పాటు రూబెన్ యోంగ్‌కిండ్. యోంగ్‌కిండ్ ఫుట్‌బాల్ మనిషి కాదు, అథ్లెటిక్స్ నుంచి వచ్చిన పరుగు కోచ్. ఇంకో సంగతి, క్రైఫ్ 1988 జనవరిలోనే అయాక్స్ కోచ్ పని వదిలేశాడు, యోంక్ ఆ ఏడాది వేసవిలో చేరాడు. అంటే క్రైఫ్ కోచ్‌గా ఉండగా యోంక్ అయాక్స్‌కి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. గురువు దగ్గర ఆడి నేర్చుకున్న శిష్యుడు కాదు, ఆలోచన నచ్చి దాన్ని నెత్తిన పెట్టుకున్నవాడు. అందుకేనేమో ఆయన దాన్ని అంత గట్టిగా పట్టుకున్నాడు.

2011 నుంచి యోంక్ అకాడమీ హెడ్. ఫస్ట్ టీమ్ కోచ్ ఫ్రాంక్ డి బూర్, బెర్గ్‌కాంప్, యోంక్, ఈ ముగ్గురూ కలిసి "టెక్నికల్ హార్ట్", అంటే క్లబ్‌లో ఆట సంగతులు తేల్చే బృందం. ఈలోగా క్రైఫ్ కూడా ఉన్న సూపర్‌వైజరీ బోర్డులో మిగతావాళ్ళు ఆయనకి చెప్పకుండా పాత కోచ్ లూయిస్ వాన్ గాల్‌ని డైరెక్టర్‌గా తెస్తే గొడవ కోర్టుకెక్కింది, 2012 ఫిబ్రవరిలో అపీల్ కోర్టు ఆ నియామకం చెల్లదంది. ఈ రాజకీయం మీద డచ్ పత్రికలు పేజీలకి పేజీలు రాశాయి. పిల్లల కోచ్‌గా నాకు పనికొచ్చేది అదే సమయంలో అయాక్స్ స్టేడియం అరీనా పక్కనున్న ట్రైనింగ్ గ్రౌండ్‌లో జరిగింది. ఆ గ్రౌండ్ పేరు డి టూకోమ్స్ట్, భవిష్యత్తు అని అర్థం.

ఏం మార్చాడు

ప్రతి అకాడమీలో ఉండే పద్ధతి ఇది: ఒక వయసుకి ఒక టీమ్, ఆ టీమ్‌కి ఒక కోచ్. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ కోచ్ కూడా మనిషే, వాడికీ ప్రమోషన్ కావాలి, పై టీమ్‌కి వెళ్ళాలంటే కింది టీమ్‌తో గెలవాలి. గెలవాలంటే ఇవాళ బలంగా ఉన్న పిల్లాడు కావాలి. అలా ప్రతి కోచ్ తన ఒక్క ఏడాది చూసుకుంటాడు, పిల్లాడి పదేళ్ళు ఎవరూ చూడరు. ఇందులో కోచ్‌ని చెడ్డవాడనడానికి ఏమీ లేదు, మూడేళ్ళు నేను చేసిందీ అదే.

యోంక్ పట్టుకున్నది సరిగ్గా ఈ ముడిని. కోచ్‌లని ఒక్కో టీమ్‌కి కట్టేయకుండా వయసు గుంపులకి పంచాడు, చిన్నవాళ్ళ విభాగం, మధ్యవాళ్ళు, పెద్దవాళ్ళు అని. ఒక పిల్లాణ్ణి నలుగురైదుగురు కోచ్‌లు చూస్తారు. ఒకరు పాసింగ్, ఒకరు డిఫెండింగ్, ఒకరు పరుగు. పాత ప్రొఫెషనల్ ఆటగాళ్ళని తెచ్చి, నీకు బాగా వచ్చింది నేర్పు అన్నాడు. స్ట్రైకర్‌గా బతికినవాడు స్ట్రైకర్లకి, డిఫెండర్ డిఫెండర్లకి. ప్రతి పిల్లాడికీ వాడి సొంత ప్లాన్ ఒకటి, వాడికి ఏది బలం, ఏది కావాలి, వచ్చే కొన్ని నెలల్లో దేని మీద పని చెయ్యాలి అని. టీమ్ గెలుపు దాని తర్వాతే.

దీనివల్ల చూసేవాళ్ళకి వింతగా అనిపించేవి జరిగాయి. బాగా ఆడుతున్న కుర్రాణ్ణి, శనివారం ముఖ్యమైన మ్యాచ్ ఉన్నా సరే, పై వయసు వాళ్ళతో ఆడమని పంపేసేవాళ్ళు. అక్కడ వాడు చిన్నవాడు, తోపులాటలో నెగ్గలేడు, కాబట్టి తల వాడాలి. ఇంకొకడి ఒళ్ళు ఆలస్యంగా ఎదుగుతుంటే కొన్నాళ్ళు కింది వయసుతో ఆడిస్తారు, ధైర్యం వస్తుందని. ముందు ఆడేవాణ్ణి వెనక, వెనక ఆడేవాణ్ణి మధ్యలో పెడతారు. ఫుట్‌బాల్ ఒకటే కాకుండా జూడో, జిమ్నాస్టిక్స్ లాంటివి, పరుగు ఎలా తియ్యాలో విడిగా పాఠాలు. వీధిలో ఆడినట్టు చిన్న జాగాలో, తక్కువమందితో, కోచ్ నోరు మూసుకుని నిలబడే ఆటలు.

వయసు సంగతి కొంచెం ఆగి చెప్పాలి, మన తల్లిదండ్రులకి ఇది ఎవరూ చెప్పరు కాబట్టి. నెదర్లాండ్స్‌లో వయసు గుంపుకి కట్-ఆఫ్ జనవరి 1. జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే టీమ్. పదేళ్ళ వయసులో పదకొండు నెలల తేడా అంటే మాటలు కాదు, ఎత్తులో తెలుస్తుంది, కాలి బలంలో తెలుస్తుంది, కోచ్ చెప్పింది పట్టుకోవడంలో తెలుస్తుంది. సెలక్షన్ రోజున కోచ్‌కి కనబడేది టాలెంట్ అనుకుంటాడు, చాలాసార్లు అది పుట్టినరోజు. ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళే ఎక్కువగా ఎంపికవుతారని ఎన్నో దేశాల్లో, ఎన్నో ఆటల్లో తేలిన విషయమే. దాని మీద ఇంకోటి, ఒకే రోజు పుట్టిన ఇద్దరు పిల్లల్లో కూడా ఒకడికి 12 ఏళ్ళకే మీసాలొస్తాయి, ఒకడికి 15 దాటినా రావు. అకాడమీ పిల్లల్ని క్యాలెండర్ ప్రకారం కాకుండా శరీరం ఎదుగుదల ప్రకారం కూడా చూడాలని యోంక్, యోంగ్‌కిండ్ గట్టిగా వాదించారు.

2013లో ఇంకో పెద్ద తలుపు తెరుచుకుంది. అయాక్స్, పీఎస్‌వీ, ట్వెంటే క్లబ్‌ల రెండో టీమ్‌లని దేశంలో రెండో డివిజన్‌లోకి రానిచ్చారు. పైకి ప్రమోషన్ మాత్రం లేదు. 17, 18 ఏళ్ళ కుర్రాళ్ళు శుక్రవారం రాత్రి ఏదో చిన్న ఊరి స్టేడియంలో, ఇంటి అప్పు కట్టుకునే ముప్ఫై ఏళ్ళ డిఫెండర్ మీద ఆడాలి. అయాక్స్ అకాడమీ ఆఖరి మెట్టుకి ఇంతకంటే మంచి బడి దొరకదు.

బయటికి

ఇక్కడే కేస్ బరువెక్కుతుంది. 2011 నుంచి 2014 వరకు డి బూర్ కోచింగ్‌లో ఫస్ట్ టీమ్ వరుసగా నాలుగు లీగ్‌లు గెలిచింది. అయినా క్లబ్ లోపల వాళ్ళ మధ్య పొసగలేదు. మార్క్ ఓవర్‌మార్స్ ఫుట్‌బాల్ వ్యవహారాల డైరెక్టర్, బెర్గ్‌కాంప్, యోంక్, అందరూ క్రైఫ్ మనుషులే అని పేరు, కానీ ప్లాన్ అంటే ఏమిటో ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. కొనుగోళ్ళ మీద ఎంత పెట్టాలి, అకాడమీ కుర్రాడికి దారి ఎప్పుడు ఇవ్వాలి, ఎవరి మాట చెల్లాలి. పిల్లల టీమ్‌లు మ్యాచ్‌లు గెలవట్లేదని, ఇన్నేళ్ళయినా సరుకేదని విమర్శలు మొదలయ్యాయి. 2015 నవంబర్‌లో క్రైఫ్ విసిగిపోయి క్లబ్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. డిసెంబర్‌లో యోంక్‌ని తీసేశారు. ఆయనతో పాటు కొందరు కోచ్‌లూ బయటికొచ్చేశారు. 2016 మార్చి 24న క్రైఫ్ చనిపోయాడు.

ఇప్పుడు, తర్వాత పెద్ద ఆటగాళ్ళైన ముగ్గురు అకాడమీ పిల్లల వయసులు చూడండి. యోంక్ అకాడమీ పగ్గాలు తీసుకున్నప్పుడు మథైస్ డి లిగ్ట్‌కి ఇంకా 12 నిండలేదు, ఆయన్ని తీసేసేనాటికి 16. నుసైర్ మజ్రావికి 13 నుంచి 18. డోనీ వాన్ డి బేక్‌కి 14 నుంచి 18, ఫస్ట్ టీమ్‌లో అతని మొదటి మ్యాచ్ సరిగ్గా ఆ 2015 నవంబర్‌లోనే. అంటే ఒక పిల్లాడు మనిషిగా, ఆటగాడిగా మారే ఏళ్ళన్నీ ఆ పద్ధతిలోనే గడిచాయి, పండు కొయ్యడానికి ఏడాదిన్నర ముందు తోటమాలిని పంపేశారు.

2017 మేలో స్టాక్‌హోమ్‌లో యూరోపా లీగ్ ఫైనల్ ఆడిన అయాక్స్ టీమ్ సగటు వయసు 22 చిల్లర, సెంటర్ డిఫెండర్ డి లిగ్ట్‌కి 17. మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 2-0 ఓడారు. రెండేళ్ళకి, 2019లో, 19 ఏళ్ళ డి లిగ్ట్ కెప్టెన్‌గా మాడ్రిడ్‌లో రియల్‌ని 4-1, ట్యూరిన్‌లో యువెంటస్‌ని 2-1 కొట్టి ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ దాకా వెళ్ళారు, టాటెన్‌హామ్ మీద ఇంజురీ టైమ్ ఆఖరి క్షణాల్లో లూకాస్ మౌరా గోల్‌తో పోయింది. ఆ రాత్రి నేను ఆమ్‌స్టర్‌డామ్‌లో ట్రామ్ ఎక్కాను, బోగీలో ఒక్కళ్ళు మాట్లాడలేదు. ఆ వేసవిలో డి లిగ్ట్‌ని యువెంటస్ 7.5 కోట్ల యూరోలకి కొనుక్కుంది.

డి లిగ్ట్ ఉదాహరణ నాకు చాలా ఇష్టం. పిల్లల టీమ్‌లలో చాలాకాలం అతను మిడ్‌ఫీల్డర్. తర్వాతే వెనక్కి వచ్చాడు. అందుకే డిఫెండర్ అయ్యాక కూడా బంతి వస్తే భయపడి తన్నేయలేదు, తల ఎత్తి చూశాడు. నేను పొడుగు పిల్లాణ్ణి వెనక నిలబెట్టి తన్నమన్నానే, అదే పిల్లాడు మూడేళ్ళు మధ్యలో ఆడి ఉంటే ఏమయ్యేవాడో అని ఆలోచిస్తే నిద్ర పట్టలేదు.

క్రెడిట్ ఎవరిది

ఇదంతా యోంక్ ఒక్కడి గొప్ప అని నేను రాయను, అది అబద్ధం అవుతుంది. 2019 టీమ్ మిడ్‌ఫీల్డర్ ఫ్రెంకీ డి యోంగ్‌ని 2015 వేసవిలో 18 ఏళ్ళకి విల్లెమ్-2 క్లబ్ నుంచి కొన్నారు, అతను యోంక్ పద్ధతిలో పెరిగినవాడు కాదు. అదే టీమ్‌లో ముందు ఆడిన టాడిచ్, జియెష్, నెరెస్‌లని కొన్నది ఓవర్‌మార్స్. 17 ఏళ్ళ డి లిగ్ట్‌ని ఆడించే ధైర్యం కోచ్ పీటర్ బోష్‌ది, 2019 టీమ్‌ని యూరప్ మీదికి వదిలింది కోచ్ ఎరిక్ టెన్ హాగ్. యోంక్ రాకముందు కూడా అదే అకాడమీ నుంచి స్నైడర్, వాన్ డర్ వార్ట్ వచ్చారు. ఒక కుర్రాడి వెనక ఇరవైమంది చేతులుంటాయి.

అయినా ఆ ఐదేళ్ళకి ఒక విలువ ఉంది. యోంక్ వల్ల మారింది ప్రశ్న. టీమ్ ఎలా ఆడింది అని అడిగే చోట, ఈ పిల్లాడికి ఈ నెల ఏం వచ్చింది అని అడగడం. ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టిన చోట కోచ్ చేసే ప్రతి పనీ మారిపోతుంది.

రెండో సాక్ష్యం సొంత ఊళ్ళోనే దొరికింది. 2019లో యోంక్ తన బృందంతో వొలెండామ్‌కి హెడ్ కోచ్‌గా వచ్చాడు. డబ్బుల్లేని క్లబ్, రెండో డివిజన్. ఆ మొదటి సీజన్‌లోనే క్లబ్ పిల్లల విభాగం నుంచి వచ్చిన ఒక ఎడమకాలి కుర్రాణ్ణి ఫస్ట్ టీమ్‌లో ఆడించాడు, మిక్కీ వాన్ డి వెన్. 2021లో అతను జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్‌కి, 2023లో ఇంగ్లండ్‌లో టాటెన్‌హామ్‌కి వెళ్ళాడు. 2025 మేలో బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్‌లో గీత మీదనుంచి గాల్లోకి ఎగిరి బంతిని వెనక్కి తన్ని గోల్ ఆపింది అతనే. ఆ రోజు ఎదుటి టీమ్‌లో మజ్రావి ఉన్నాడు. ఇద్దరూ వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు ఏళ్ళలో యోంక్ పద్ధతి కిందనుంచి వచ్చినవాళ్ళు, ఆ మ్యాచ్ చూస్తుంటే నాకు ఎందుకో కళ్ళు చెమర్చాయి. 2022లో వొలెండామ్ 13 ఏళ్ళ తర్వాత మొదటి డివిజన్‌కి ఎక్కింది, మరుసటి సీజన్ దిగిపోకుండా నిలబడింది కూడా.

తప్పు కూడా చెప్పాలి. అయాక్స్‌లో యోంక్ పద్ధతి సరైనదే అని నా అభిప్రాయం, కానీ పక్కగదిలో కూర్చున్న మనుషుల్ని తనతో నడిపించుకోలేకపోయాడు. బెర్గ్‌కాంప్ అంటే ఎవరు, జీవితంలో సగం పాస్‌లు ఇచ్చింది ఆయనకే. అలాంటి స్నేహితుడు కూడా చివరికి అవతలి పక్షంలో ఉన్నాడు. పిల్లల కోచింగ్‌లో ఫలితం ఎనిమిదేళ్ళకి వస్తుంది, ఓపిక మాత్రం జనానికి ఎనిమిది వారాలే ఉంటుంది. ఆ మధ్యకాలం ఎలా గడపాలో ప్లాన్‌లోనే రాసుకోవాలి. రాసుకోకపోతే పద్ధతి ఎంత మంచిదైనా దాన్ని నడిపేవాడు ఇంటికి పోతాడు.

మా గ్రౌండ్‌లో

మాది అకాడమీ కాదు, వారానికి రెండు ట్రైనింగ్‌లు, ఒక మ్యాచ్. అందుకని అంతా దించలేను. మూడు పనులు చేశాను.

మొదటిది నోటుబుక్. ఒక్కో పిల్లాడికి రెండు పేజీలు. సీజన్ మొదట్లో వాణ్ణే పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను, నీకు ఏది బాగా వచ్చు, ఏది నేర్చుకోవాలని ఉంది. పదేళ్ళవాళ్ళు ఎంత నిజాయితీగా చెబుతారో అప్పుడే తెలిసింది. ఒకడు, "నాకు బంతి వస్తే ఎవరికైనా ఇచ్చేయాలని భయం" అన్నాడు. ఇంకొకడు ఎడమకాలితో తన్నడం కావాలన్నాడు. ఆరు వారాలకి ఒకసారి వాళ్ళతోనే మళ్ళీ చూస్తాం. ట్రైనింగ్‌కి పావుగంట ముందు వచ్చినవాళ్ళకి వాళ్ళ పేజీలో ఉన్నదే చేయిస్తాను.

రెండోది, మా వయసులో ఇంకో రెండు టీమ్‌లకి కోచ్‌లుగా ఉన్న ఇద్దరు నాన్నలని ఒప్పించి మంగళవారాలు మూడు టీమ్‌లనీ కలిపేశాం. జెర్సీ రంగు చూడం, మూడు మూలల్లో మూడు పనులు. ఒకాయన కాలేజీ రోజుల్లో హ్యాండ్‌బాల్ ఆడాడు, ఆయన ఒళ్ళు తిప్పడం, దూకడం నేర్పుతాడు. నేను పాసింగ్. నెలకి ఒకసారి టీమ్‌తో పని లేకుండా ఒంటి సైజు చూసి గుంపులు చేస్తాం, పెద్దవాళ్ళు పెద్దవాళ్ళతో, చిన్నవాళ్ళు చిన్నవాళ్ళతో. మొదటిసారి అలా చేసిన రోజు, మా టీమ్‌లో డిసెంబర్‌లో పుట్టిన ఒక బక్కపిల్లాడు, రెండేళ్ళుగా నేను పట్టించుకోనివాడు, ముగ్గుర్ని దాటి గోల్ కొట్టాడు. వాడికి ఆ విద్య ఆ రోజు రాలేదు, ఎప్పటినుంచో ఉంది. చూపించే జాగా నేను ఇవ్వలేదు.

మూడోది మ్యాచ్‌లో చోటు మార్చడం. మా వయసులో ఎనిమిది మంది వర్సెస్ ఎనిమిది మంది, సగం గ్రౌండ్, బంతి బయటికి పోతే చేత్తో విసరరు, కాలితోనే నడిపించుకుంటూ లోపలికి వస్తారు. అందువల్ల ఎక్కడ ఆడినా బంతి దొరుకుతుంది. ప్రతివాడూ సీజన్‌లో వెనక, మధ్య, ముందు ఆడాలి, గోలీగా కూడా.

దీని ఖరీదు మేం కట్టాం. సెప్టెంబర్, అక్టోబర్‌లలో వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిపోయాం, ఒకటి 9-2. శనివారం సాయంత్రం ఫోన్లు. మన తెలుగు తమ్ముడు ఒకాయన, నాకంటే చిన్నవాడే, మంచివాడు, "అన్నా, మావాడు స్ట్రైకర్ కదన్నా, వాణ్ణి వెనక పెడితే ఎట్లా? సెలక్షన్‌కి గోల్సే కదా చూసేది?" అన్నాడు. యోంక్ కేస్‌లో నేను నేర్చుకున్న రెండో సగం అక్కడ పనికొచ్చింది. ఫోన్‌లో వాదించలేదు. ఆదివారం అందర్నీ క్యాంటీన్‌కి పిలిచి నోటుబుక్ తీసి ఎవరి పిల్లాడి పేజీ వాళ్ళ చేతికిచ్చాను. ఆగస్టులో వాడేం చెప్పాడు, అక్టోబర్‌లో ఏం వచ్చింది. ఆ తమ్ముడు తన కొడుకు పేజీ చదివాడు, "వెనకనుంచి చూస్తే గ్రౌండంతా కనబడుతోంది" అని వాడి చేతిరాతలోనే ఉంది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరే అన్నా, ఈ ఏడు చూద్దాం" అన్నాడు.

అందరూ అలా అనలేదు. ఇద్దరు పిల్లల్ని డిసెంబర్‌లో వేరే క్లబ్‌కి మార్చుకున్నారు. ఆ ఇద్దరిలో ఒకడు మా టీమ్‌లో అందరికంటే వేగంగా పరిగెత్తేవాడు. వాళ్ళ నాన్నతో నేను ముందే, ఆగస్టులోనే, కూర్చుని మాట్లాడి ఉంటే ఉండేవాడేమో. ఆ తప్పు నాది, ఆగస్టు మీటింగ్ తల్లిదండ్రులతో పెట్టకుండా పిల్లలతో మాత్రమే పెట్టాను.

మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి మళ్ళీ కొన్ని గెలిచాం, కొన్ని ఓడాం. నేను లెక్కపెట్టింది వేరేది. క్లబ్ వీడియో తీసిన మూడు మ్యాచ్‌లలో ఒక్కో పిల్లాడి కాలికి బంతి ఎన్నిసార్లు తగిలిందో రాసుకున్నాను. సగం ఆటలో ఎనిమిదికి తక్కువ ఒక్కడికీ లేదు. భయమన్న పిల్లాడు ఇప్పటికీ బంతి వస్తే ముందు పక్కవాడి కోసమే చూస్తాడు, అది తగ్గలేదు, దాని మీద ఏం చెయ్యాలో వొలెండామ్ నుంచి కూడా నాకు జవాబు దొరకలేదు. వాడి పేజీలో ఆ గీత అలాగే ఉంది.

జెర్సీ మడతపెట్టి ఇచ్చిన అమ్మ మా వీధికి రెండు వీధుల అవతలే ఉంటుంది. జూన్‌లో సూపర్‌మార్కెట్ దగ్గర కనబడితే మంగళవారం మూడు టీమ్‌లూ కలిపి ఆడుతున్నామని, మ్యాచ్‌తో పని లేకుండా వచ్చి చూడొచ్చని చెప్పాను. వాణ్ణి అడిగి చెబుతానంది. ఆగస్టులో ట్రైనింగ్ మొదలవుతుంది, వాడి సైజు జెర్సీ ఒకటి నా బ్యాగులోనే పెట్టి ఉంచాను.